25 మి.మీ. అంటే ఎంత? ఫిట్టర్, టర్నర్, మెకానికల్ చదివే మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు



పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, తీరిక చేసుకొని చదవండి. మేము మర్పల్లి చుట్టుపక్కల తండాల నుంచి వచ్చిన ఐదుగురం. ముగ్గురు ఐటిఐ, ఇద్దరు డిప్లొమా. మాలో ఒక చెల్లె కూడా ఉంది. ఇప్పుడు అందరం హైదరాబాద్ అంచున ఉన్న చిన్నా పెద్దా మిషిన్ షాపుల్లో పని చేస్తున్నం. ఐదుగురం కూర్చొని మాట్లాడుకొని రాసినం కాబట్టి ఇందులో "మేము" అని ఉన్నచోట ఐదుగురి మాట అనుకోండి.

ఈ మధ్య మన తండాల పిల్లలు ఇంటర్వ్యూలకు వచ్చినప్పుడు ఒకటే చోట ఆగిపోతున్నరు. లేత్ నడుపుతరు, ఫైలింగ్ మంచిగ చేస్తరు, వెల్డింగ్ కూడా పడతరు. డ్రాయింగ్ చేతికిచ్చి "ఈ 25 పక్కన హెచ్7, జి6 అని ఎందుకు రాసిన్రు?" అని అడగంగనే తల దించుకుంటున్నరు. అడిగితే "అన్నా, ఆ చాప్టర్ వదిలేసినం, పరీక్షల ఒకటే ప్రశ్న వస్తది" అంటున్నరు. మనోళ్ళు వదిలేసే ఆ చాప్టర్ పేరే లిమిట్స్, ఫిట్స్, టాలరెన్స్. పరీక్షల ఒకటే ప్రశ్న వచ్చుడు నిజమే. పనిలోకి వచ్చినంక మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదొక్కటే ప్రశ్న.

ఎందుకు వదిలేస్తరో మాకు తెలుసు. ఇంట్ల గోర్ బోలి, బడిలో తెలుగు, ఐటిఐ పుస్తకంల ఇంగ్లీషు. మూడు మెట్లు ఎక్కి వచ్చేసరికి "టాలరెన్స్" అనే మాటకు డిక్షనరీల సహనం అని ఉంటది. ఇనుప ముక్కకు సహనం ఏందో ఎవలూ చెప్పరు. నిర్వచనం రాయిస్తరు, రాసుకుంటం, అయిపోతది. అసలు సంగతి మన తండాలనే ఉంది. అక్కడి నుంచే మొదలుపెడుదాం.

గొడ్డలికి కామ ఎట్ల ఎక్కిస్తరు? గొడ్డలి కన్ను కన్నా కామ చివర కొంచెం లావుగ చెక్కి, దెబ్బ కొట్టి దింపుతరు. ఇంకా ఊగితే సన్న చెక్కముక్క దిగగొడతరు, లేకుంటే నీళ్ళల్ల నానబెడతరు. కట్టె ఉబ్బి పట్టుకుంటది. కామ కన్ను కన్నా సన్నగ ఉంటే గొడ్డలి ఊడి ఎవరి కాలి మీదనో పడతది. కాబట్టి ఇక్కడ లోపల దూరేది పెద్దగ, రంధ్రం చిన్నగ ఉండాలె.

ఎడ్లబండి ఇరుసు, గిర్ర చూడండి. ఇరుసు మీద గిర్ర బిగుసుకుంటే బండి కదలదు. ఆ సందులో కందెన పట్టాలె, గిర్ర సులువుగ తిరగాలె. అట్లని మరీ వదులైతే గిర్ర అటూ ఇటూ కొట్టుకుంటది, ఎడ్ల మెడలు పోతయ్. ఇక్కడ లోపల దూరేది చిన్నగ, రంధ్రం కొంచెం పెద్దగ ఉండాలె. "కొంచెం" అంటే ఎంత అన్నదే వడ్లాయన పనితనం.

అదే గిర్రకు బయట ఇనుప పట్టా ఎక్కించుడు పాతకాలం పెద్దలు చూసే ఉంటరు. గిర్ర చుట్టుకొలత కన్నా పట్టాను కొంచెం తక్కువగ చేస్తరు. పిడకల మంటల ఎర్రగ కాలుస్తరు. పట్టా సాగుతది, గిర్ర మీదికి దిగుతది. వెంటనే నీళ్ళు పోస్తరు, పట్టా ముడుచుకొని కట్టెనంత గట్టిగ పట్టేసుకుంటది. 1,200 మి.మీ. వ్యాసం ఉన్న ఇనుప పట్టాను 300 డిగ్రీలు వేడి చేస్తే వ్యాసం సుమారు 4 మి.మీ. పెరుగుతది. కమ్మరాయన ఈ లెక్క కాగితం మీద చెయ్యలే, ఆయన చేతిల ఉండె. ఇంజనీరింగ్ పుస్తకంల దీని పేరు ష్రింక్ ఫిట్. పెద్ద గేర్లను, రింగులను షాఫ్టు మీద ఎక్కించడానికి ఇప్పటికీ ఇదే పద్ధతి.

మా చెల్లె ఇంకోటి గుర్తు చేసింది. మన యాడీలు మణికట్టు నుంచి మోచేయి పైదాకా తొడుక్కునే గాజులు అన్నీ ఒకటే సైజు ఉండవు. చెయ్యి లావు పెరిగిన కొద్దీ గాజు సైజు పెరుగుతది. కిందికి జారొద్దు, చెయ్యిని కొయ్యొద్దు, చెయ్యి ఎత్తినా దించినా ఉన్నచోటనే ఉండాలె. మరీ వదులు, మరీ బిగుతు, ఈ రెండింటి నడుమ ఎంత జాగ ఉందో యాడికి తెలుసు. టాలరెన్స్ అంటే ఆ జాగనే. డ్రాయింగ్ చేసింది ఏందంటే, ఆ జాగకు అంకెలు పెట్టింది.

ఇగ అసలు పాఠంలోకి వద్దాం.

మొదటి మాట: ఏ మిషిన్ మీద అయినా కచ్చితంగ 25 మి.మీ. రాదు. ఎంత ఖరీదైన మిషిన్ అయినా సరే, ఒకటి 25.003 వస్తది, ఇంకోటి 24.998 వస్తది. టూల్ అరుగుతది, మిషిన్ వేడెక్కుతది, జాబ్ కొంచెం వంగుతది. కాబట్టి డ్రాయింగ్ గీసేటాయన "25 చెయ్యి" అని మాత్రమే చెప్తే అది చాలని ఆదేశం. "ఇంతకు మించొద్దు, ఇంతకు తగ్గొద్దు" అని రెండు హద్దులు చెప్పాలె. ఆ రెండు హద్దులే లిమిట్స్. వాటి నడుమ తేడానే టాలరెన్స్. తేడా ఉంటదని ముందే ఒప్పుకొని, ఎంత తేడా ఒప్పుకుంటమో రాసిపెట్టుడు అన్నమాట.

ఇక్కడ కొలత మైక్రాన్లలో ఉంటది. 1 మి.మీ.ల 1,000 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు. మేస్త్రీలు, ఫాబ్రికేషన్ వాళ్ళు మాట్లాడే "సూత్" అంటే అంగుళంల 8వ వంతు, అంటే 3 మి.మీ. దాటి ఉంటది. తాండూరు నాపరాయి పరిచేటప్పుడు అర సూత్ తేడా వస్తే కింద సిమెంటు సర్దుకుంటది. మిషిన్ పనిల అర సూత్ అంటే 1,500 మైక్రాన్ల పైనే. అక్కడ సర్దుకునే సిమెంటు ఉండదు.

రెండో మాట: ఫిట్ మూడు రకాలు. షాఫ్టు ఎప్పుడూ రంధ్రం కన్నా చిన్నగ ఉండి సందు మిగిలితే క్లియరెన్స్ ఫిట్, ఇది ఇరుసు గిర్ర లెక్క. షాఫ్టు ఎప్పుడూ రంధ్రం కన్నా పెద్దగ ఉండి బలం పెట్టి దించాల్సి వస్తే ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్, ఇది గొడ్డలి కామ లెక్క. రెండింటి నడుమ, ఏ జత ఎట్ల పడుతదో బట్టి కొంచెం సందు గానీ కొంచెం బిగుతు గానీ వచ్చేది ట్రాన్సిషన్ ఫిట్.

మూడో మాట: ఆ అక్షరాలు, అంకెలు. పెద్ద అక్షరం రంధ్రానికి, చిన్న అక్షరం షాఫ్టుకు. అక్షరం చెప్పేది, అసలు సైజు నుంచి ఎంత దూరంల హద్దు మొదలవుతదో. అంకె చెప్పేది, ఆ హద్దుల నడుమ జాగ ఎంతో. అంకె చిన్నగ అయితే జాగ తక్కువ, పని కష్టం, ఖర్చు ఎక్కువ. ప్రపంచమంతా వాడే ఐఎస్ఓ 286ల, మన దేశపు ఐఎస్ 919ల ఈ పట్టికలు ఉంటయ్.

25 మి.మీ.కే చూద్దాం. పెద్ద హెచ్7 రంధ్రం అంటే 25.000 నుంచి 25.021 దాకా. హెచ్ అక్షరం ప్రత్యేకత ఏందంటే, కింది హద్దు సరిగ్గ అసలు సైజు దగ్గరనే ఉంటది.

చిన్న జి6 షాఫ్టు అంటే 24.980 నుంచి 24.993 దాకా. ఈ రెండూ కలిస్తే సందు తక్కువల తక్కువ 7 మైక్రాన్లు, ఎక్కువల ఎక్కువ 41 మైక్రాన్లు. ఎప్పుడైనా సందు ఉంటది. నూనె పొర పట్టి జారుతది.

చిన్న కె6 షాఫ్టు అంటే 25.002 నుంచి 25.015 దాకా. హెచ్7తోటి కలిస్తే 19 మైక్రాన్ల సందు దాకా రావచ్చు, 15 మైక్రాన్ల బిగుతు దాకా రావచ్చు. ఇది ట్రాన్సిషన్.

చిన్న పి6 షాఫ్టు అంటే 25.022 నుంచి 25.035 దాకా. రంధ్రం ఎంత పెద్దగ వచ్చినా కనీసం 1 మైక్రాన్ బిగుతు ఉంటది, ఎక్కువల ఎక్కువ 35. ప్రెస్ పెట్టి దించాల్సిందే.

చూసిన్రా, మూడు చోట్ల కూడా రంధ్రం అదే హెచ్7. మారింది షాఫ్టు ఒక్కటే. ఇంటర్వ్యూల్లో అడిగే "హోల్ బేసిస్ ఎందుకు?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే. రంధ్రం చెయ్యాలంటే డ్రిల్లు, రీమర్ కావాలె, అవి ఒక్కొక్కటి ఒక్కొక్క సైజులనే దొరుకుతయ్. షాఫ్టును లేత్ మీద, గ్రైండింగ్ మీద ఎంత కావాలంటే అంత దించుకోవచ్చు. రంధ్రం సైజు మార్చుకుంటూ పోతే ప్రతి ఫిట్‌కూ ఒక కొత్త రీమర్, ఒక కొత్త గేజ్ కొనాలె. కాబట్టి రంధ్రాన్ని ఒకచోట నిలబెట్టి షాఫ్టును మారుస్తరు.

ఇదంతా ఎందుకు పుట్టింది? ఒక వస్తువు పాడైతే దాంట్ల ఒక ముక్క తీసి, ఎక్కడో తయారైన ఇంకో ముక్క పెడితే సరిగ్గ కూర్చోవాలని. 1785ల పారిస్‌ల ఓనొరే బ్లాంక్ అనే తుపాకుల తయారీదారు తుపాకీ లాక్ భాగాలను కుప్పలుగ పోసి, చేతికి ఏది దొరికితే అది తీసుకొని జోడించి చూపిస్తుండె. అమెరికా రాయబారిగ అక్కడున్న థామస్ జెఫర్సన్ స్వయంగ కొన్ని జోడించి చూసి తమ దేశానికి ఉత్తరం రాసిండు. అంతకు ముందు ఏ తుపాకీ భాగం ఆ తుపాకీకే. ఒకటి విరిగితే మళ్ళ ఆ పనాయన దగ్గరికే పోవాలె, ఆయన మళ్ళ రాకి రాకి కూర్చోబెట్టాలె.

మన దగ్గర మాట చెప్పుకుందాం. మర్పల్లిల ఉల్లిగడ్డ మడికి నీళ్ళు పెట్టే మోటార్ ఆగిపోతే రిపేర్ షాపుకు తీసుకపోతం. మెకానిక్ "బేరింగ్ పోయింది, 6205 తీసుకురా" అంటడు. 6205 అంటే లోపలి రంధ్రం 25 మి.మీ., బయటి వ్యాసం 52, వెడల్పు 15. ఏ కంపెనీది తెచ్చినా, ఏ దేశంల తయారైనా అదే కొలత. మామూలు రకం బేరింగ్ లోపలి రంధ్రం 25.000కు మించదు, 24.990కు తగ్గదు. షాఫ్టు కె6 అయితే 2 నుంచి 25 మైక్రాన్ల బిగుతు వస్తది, షాఫ్టుతో పాటు లోపలి రింగు తిరుగుతది. బేరింగ్ చేసినాయనకు మన మోటార్ చేసినాయన ఎవరో తెలవదు. ఇద్దరూ ఒకటే పట్టిక చూసి పని చేసిన్రు. అందుకే సాయంత్రానికల్లా మళ్ళ నీళ్ళు పారుతయ్.

అదే షాఫ్టు అరిగిపోతే ఏమైతది? కొందరు మెకానిక్‌లు షాఫ్టు మీద పంచ్‌తోటి చుక్కలు కొడతరు, లేకుంటే కూల్‌డ్రింక్ డబ్బా రేకు చుట్టి బేరింగ్ దింపుతరు. కొన్ని రోజులు నడుస్తది. తర్వాత మళ్ళ బేరింగ్ గిర్రున తిరిగి వేడెక్కి, వైండింగ్ కాలిపోతది. రెండోసారి ఖర్చు రైతుదే. నాలుగు చుక్కలు కొడితే పైకి లేచిన ఇనుము మీదనే బేరింగ్ నిలబడుతది, చుట్టూతా ఆనదు. ఇది తెలిసిన పిల్లగాడు తండాల ఒక్కడున్నా "షాఫ్టుకు మెటల్ నింపి మళ్ళ టర్నింగ్ చేయిద్దాం" అని చెప్పగలడు.

ఇంకా పెద్ద లెక్క మన రైలు పట్టాల మీదనే ఉంది. వికారాబాద్ నుంచి బీదర్ దిక్కు పోయే లైన్ల మర్పల్లి స్టేషన్ ఉంది. మనం ఎక్కే పెట్టె కింద చక్రం, ఇరుసు చూడండి. చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచేది బోల్టు కాదు, వెల్డింగ్ కాదు. ఇరుసు చక్రం రంధ్రం కన్నా కొంచెం లావుగ ఉంటది, పెద్ద ప్రెస్‌తోటి దించుతరు. ఆ బిగుతు ఒక్కటే అన్ని టన్నుల బరువును మోస్తది. రెండు చక్రాల లోపలి ముఖాల నడుమ దూరం బ్రాడ్‌గేజ్ పెట్టెలకు 1,600 మి.మీ. ఉండాలె. 2 మి.మీ. ఎక్కువ దాకా, 1 మి.మీ. తక్కువ దాకా మాత్రమే ఒప్పుకుంటరు. ఈ రెండు అంకెల మీద మన అందరి ప్రాణాలు ప్రయాణం చేస్తయ్.

ఇప్పుడు మేము ఈ పోస్టు రాయడానికి కారణమైన సంగతి.

మాలో ఒకడు ఒక చిన్న కంపెనీల అప్రెంటిస్. పేరు వద్దు, కంపెనీ పేరూ వద్దు. 25 జి6 షాఫ్టులు, నైట్ షిఫ్టు. ఆ వారం మిషిన్‌కు కూలెంట్ సరిగ్గ వస్తలేదు, పైన చెప్పినా "నడిపించు" అన్నరు. వచ్చిన ప్రతి షాఫ్టునూ వెంటనే మైక్రోమీటర్‌తోటి కొలిచి షీట్ల రాయాలె అని ఆదేశం. వాడు అట్లనే చేసిండు. 40 షాఫ్టులు, అన్నీ 24.983, 24.984, 24.985 దగ్గర. హద్దుల లోపలనే. సంతకం చేసి రూముకు వచ్చిండు.

పొద్దున ఇన్‌స్పెక్షన్‌ల కొలిస్తే 24.976, 24.977, 24.978. కింది హద్దు 24.980. నలభైకి నలభై రిజెక్ట్. ఇనుము తీసేయచ్చు గానీ మళ్ళ అతికించలేం కద. వాడు షీట్ల దొంగ అంకెలు రాసిండని అన్నరు. ఒక పెద్దమనిషి అందరి ముందట "అడవిల నుంచి వచ్చినోళ్ళకు మైక్రాన్లు ఏం తెలుస్తయ్" అన్నడు. అప్రెంటిస్ నుంచి తీసేస్తమని, పైసలు కట్ చేస్తమని కూడా మాట వచ్చింది.

వాడు రూముకొచ్చి బ్యాగు సర్దుకుంటుండె. తండాకు పోతా, కూలికి పోతా అన్నడు. మేము కూర్చోబెట్టి ఒకటే అడిగినం: "నువ్వు కొలిచినప్పుడు షాఫ్టు ఎట్లుండె?" "పట్టుకుంటే చెయ్యి కాలుతుండె అన్నా" అన్నడు.

జవాబు అక్కడనే ఉండె. డ్రాయింగ్ మీద రాసిన ప్రతి కొలత 20 డిగ్రీల దగ్గరిది. 1931 నుంచి ప్రపంచమంతా ఒప్పుకున్న మాట ఇది. ఉక్కు 1 మీటరు పొడవుకు, 1 డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతది. 25 మి.మీ.కు లెక్క కడితే డిగ్రీకి 0.29 మైక్రాన్. చేతిల మైక్రోమీటర్ 30 డిగ్రీల దగ్గర ఉండి, షాఫ్టు 55 డిగ్రీల దగ్గర ఉంటే తేడా 25 డిగ్రీలు. 25ను 0.29తోటి గుణిస్తే 7 మైక్రాన్లు దాటుతది. 24.984లో 7 తీసేస్తే 24.977. పొద్దున వాళ్ళకు వచ్చిన అంకె సరిగ్గ అదే.

జి6కు ఇచ్చిన మొత్తం జాగ 13 మైక్రాన్లు. అందుల సగానికి పైగా వేడే మింగేసింది. వాడు అబద్ధం రాయలే. వాడు రాసింది వేడి షాఫ్టు కొలత, వాళ్ళు కొలిచింది చల్లారిన షాఫ్టు.

రాత్రి కూర్చొని ఈ లెక్కను ఒక కాగితం మీద తెలుగుల, ఇంగ్లీషుల రాసినం. మరునాడు వాడు ఆ కాగితం తీసుకపోయిండు. గట్టిగ మాట్లాడలే, "సార్, ఒక్క పీసు మీద చూపిస్త" అన్నడు. మిషిన్ మీద నుంచి అప్పుడే దిగిన షాఫ్టును కొలిస్తే 24.985. దాని మీద మార్కర్‌తోటి గుర్తు పెట్టి సర్ఫేస్ ప్లేట్ మీద గంటసేపు ఉంచిన్రు. మళ్ళ అదే మైక్రోమీటర్, అదే చెయ్యి. 24.978. చుట్టూ ఉన్నోళ్ళు ఎవరూ ఏం మాట్లాడలే.

ఆ 40 షాఫ్టులు కూడా పారెయ్యలే. డిజైన్ చూసే ఇంజనీర్ ఒకాయన, వాటికి జతపడే బుష్‌లను కొలిపించిండు. 25.008 లోపు వచ్చిన చిన్న బుష్‌లను ఏరి ఈ షాఫ్టులకు జత కట్టించిండు. 25.008ల నుంచి 24.977 తీసేస్తే సందు 31 మైక్రాన్లు. ఒప్పుకున్న గరిష్ఠం 41 కాబట్టి పనికొస్తయ్. దీన్ని సెలెక్టివ్ అసెంబ్లీ అంటరు. ఆ జతలకు చీటీలు కట్టి, ఒకదాని బుష్ ఇంకోదానికి పోకుండ పెట్టిన్రు. ప్రతిసారీ ఇట్ల కుదరదు, కస్టమర్ ఒప్పుకోవాలె, స్పేర్ పార్ట్ మార్చేటప్పుడు ఇబ్బంది వస్తది. ఆసారికి మాత్రం గండం గడిచింది.

వాణ్ణి తీసెయ్యలే. పైసలూ కట్ కాలే. ఆ పెద్దమనిషి సారీ కూడా చెప్పలే. కొలిచే ముందు పీసు చల్లారాలె అని గోడ మీద ఒక కాగితం మాత్రం అతికించిన్రు. కూలెంట్ పంపు కూడా బాగైంది. వాడు ఇప్పుడు అదే షాపుల ఇన్‌స్పెక్షన్ పని నేర్చుకుంటున్నడు.

మేము దీని మీద చాన మాట్లాడుకున్నం. డ్రాయింగ్ మీద హద్దు రాసి ఉండుడు మనలాంటోళ్ళకు మేలు. గో గేజ్ దూరాలె, నో-గో గేజ్ దూరొద్దు, అంతే. ఆ గేజ్ నీది ఏ ఊరు, ఏ తండా, ఎవరి కొడుకువు అని అడగదు. ఓనర్ చుట్టం చేసిన షాఫ్టునూ అట్లనే చూస్తది, మనం చేసిన షాఫ్టునూ అట్లనే చూస్తది. రాయని హద్దుల దగ్గరనే మనకు కష్టం. ఒకడు పది నిమిషాలు లేటుగ వస్తే నవ్వి ఊరుకుంటరు, మనోడు వస్తే గేటు దగ్గర నిలబెడతరు. అది ఎక్కడా రాసి ఉండదు, అందుకే ఎదురు అడగలేం. రాసి ఉన్నదాన్ని మాత్రం అడగచ్చు. అయితే రాసి ఉన్నదాన్ని చదవడం మనకు వచ్చి ఉండాలె. ఆ రోజు 11.5 అనే అంకె తెలవకపోతే మావాడు దొంగ అనే పేరుతోటి తండాకు వచ్చేటోడు. ఇంటోళ్ళు కూడా ఎంత నమ్ముతురో ఏమో.

ఇంకో మాట. ఈ హద్దు మరీ దగ్గరగ పెట్టుడు కూడా తెలివి కాదు. అవసరం లేనిచోట 7కు బదులు 5 రాస్తే మిషిన్ మారాలె, టైం పెరగాలె, రిజెక్షన్ పెరగాలె, వస్తువు ధర పెరగాలె. బండి ఇరుసుకు గడియారం ఇరుసు అంత పని అక్కర లేదు. మంచి డిజైనర్ అంటే ఎంత తేడా ఒప్పుకోవచ్చో తెలిసినాయన. మన పిల్లల మీద మనం పెట్టే హద్దుల గురించి కూడా ఈ మాట గుర్తుకొచ్చింది. ఒక్క మార్కు తక్కువొస్తే "నీతోని కాదు" అనేసే ఇండ్లు మన తండాలల్ల కూడా ఉన్నయ్. ఒక్క మార్కుతోటి పిల్లగాణ్ణి రిజెక్ట్ డబ్బాల వేసుడు ఏం లెక్క?

చదివేటోళ్ళకు మా అనుభవం నుంచి కొన్ని సంగతులు:

ఒకటి, పట్టిక మొత్తం బట్టీ పట్టొద్దు. 25 మి.మీ. ఒక్కదానికి హెచ్7, జి6, కె6, పి6 నాలుగూ మీ చేతితోటి లెక్క కట్టండి. గరిష్ఠ సందు, కనిష్ఠ సందు మీరే తీయండి. తర్వాత ఏ సైజు ఇచ్చినా పట్టిక చూసి చెయ్యగలరు.

రెండు, డ్రాయింగ్ చేతికి రాంగనే బొమ్మ చూడకుండ ముందు కింది మూల చూడండి. టాలరెన్స్ రాయని కొలతలకు ఎంత తేడా ఒప్పుకుంటరో సాధారణంగా అక్కడ రాసి ఉంటది.

మూడు, కొలతలు కూడుకుంటయని మరవద్దు. పది ముక్కలు పక్కపక్కన పెడితే, ఒక్కొక్కదానికి 0.1 తేడా ఉన్నా మొత్తం 1 మి.మీ. దాకా పోవచ్చు. అందుకే డ్రాయింగ్‌ల కొన్ని కొలతలు అన్నీ ఒకటే అంచు నుంచి ఇస్తరు.

నాలుగు, కొలిచే ముందు పీసు తుడవండి, బర్ర్ తీయండి, చల్లారనియ్యండి. మైక్రోమీటర్ సున్నా చూసుకోండి. షీట్ల కొలతతో పాటు టైం రాయండి, వేడిగ కొలవమంటే "వేడిగ కొలిచిన" అని పక్కన రాసి అప్పుడు సంతకం పెట్టండి. ఎవరితోటీ లొల్లి అక్కర లేదు, ఆ రెండు మాటలే మిమ్మల్ని కాపాడుతయ్.

ఐదు, మాటలకు భయపడొద్దు. క్లియరెన్స్ అంటే ఇరుసు గిర్ర, ఇంటర్‌ఫియరెన్స్ అంటే గొడ్డలి కామ అని మీ నోట్‌బుక్‌ల రాసుకోండి. గోర్ బోలిల రాసుకున్నా తప్పు లేదు. అర్థమైనంక ఇంగ్లీషు మాట దానంతట అదే వస్తది.

పనులు లేవనుకోవద్దు. బాలానగర్‌ల 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, టూల్ తయారీ, కొలతల పని నేర్పుతరు. మనకు దగ్గరల్నే ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది. వికారాబాద్ నుంచి సికింద్రాబాద్ పోయే దారిల శంకర్‌పల్లి దగ్గర కొండకల్‌ల 2023ల రైలు పెట్టెల ఫ్యాక్టరీ మొదలైంది. లాలాగూడల రైల్వే వర్క్‌షాప్ నిజాం కాలం నుంచి నడుస్తుంది. ఆదిబట్ల దిక్కు విమానాల భాగాలు చేస్తున్నరు, అక్కడ మైక్రాన్లు ఇంకా కఠినం. రైల్వే టెక్నీషియన్ పని కావాలనుకునేటోళ్ళు ఇంజనీరింగ్ డ్రాయింగ్‌ను, కొలతలను అసలే వదలొద్దు. నోటిఫికేషన్లల్ల మన రిజర్వేషన్ సీట్లు ఉంటయ్. వాటిల్ల కూర్చోవాలంటే పరీక్ష పాస్ కావాలె, కూర్చున్నంక నిలబడాలంటే పని రావాలె.

ఆడపిల్లలకు మా చెల్లె చెప్పమన్న మాట: ఇన్‌స్పెక్షన్ రూముల్లో బరువు ఎత్తే పని తక్కువ, ఓపిక, లెక్క, శుభ్రత ఎక్కువ కావాలె. అద్దాలు కుట్టే చేతులకు మైక్రోమీటర్ పట్టుడు కష్టం కాదు. "ఆడోళ్ళకు మెకానికల్ ఏంది" అన్నోళ్ళకు ఆమె జీతం చీటీ చూపిస్తుంది.

ఈ చాప్టర్ అర్థం కానోళ్ళు మీ తండాల ఎవరున్నా వాళ్ళకు ఇది చదివి వినిపించండి. పండుగకు మేము వచ్చినప్పుడు ఒక పాత మైక్రోమీటర్, ఒక 6205 బేరింగ్, రెండు మూడు రిజెక్ట్ షాఫ్టులు తీసుకొస్తం. వేపచెట్టు కింద కూర్చొని ఎవరి చేతితోటి వాళ్ళు కొలుద్దురు. ఒక షాఫ్టును ఎండల పెట్టి, ఒకటి నీడల పెట్టి కొలిస్తే ఈ పోస్టు అంతా పది నిమిషాల్ల అర్థమైతది.